వాకిట్లో పెట్రోలు వాసన



వంటల గురించో, పిల్లల పెంపకం గురించో చెబుతుందనుకుంటే, ఈవిడ మోటారు సైకిలు కార్బురేటరు సంగతి ఎత్తుకుందేమిటని మీరు నవ్వుకోవచ్చు. నడిపేది మగవాళ్ళే కావచ్చుగాని, ఆ బండి తెల్లవార్లూ నిలబడేది మన వాకిట్లోనే కదా!

మా మామగారి మోటారు సైకిలు ఒకటి మా వరండాలో ఉంది. నలభై ఏళ్ళు దాటిన బండి. అమ్మేద్దామంటే ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు. పోయిన వేసవిలో ఒక సాయంత్రం తులసికోట దగ్గర దీపం పెడదామని అగ్గిపెట్టె తీశాను. గుప్పున పెట్రోలు వాసన! వంగి చూస్తే బండి కింద అరచేతి మేర తడి. అగ్గిపెట్టె కొంగులో దాచేసి మావారిని కేకేశాను. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువైనది. పొగలాగా పైకి పోదు, నేలబారున పాకుతుంది. మా తులసికోట బండికి నాలుగడుగుల దూరంలో, ఒక మెట్టు కిందనే ఉంది మరి.

మావారు స్క్రూడ్రైవరు తెచ్చి కనబడిన మరనల్లా బిగించారు. మర్నాడూ కారింది. ఇంకా గట్టిగా బిగించారు. మూడోనాడు ఒక మర గాడి చెడి ఊరికే తిరగసాగింది. కార్బురేటరు మెత్తని లోహంతో పోతపోసింది, మన బలానికి తట్టుకోలేదు.

చివరకు మెకానిక్ అబ్బాయి వచ్చి, "ఓవరవుతోందమ్మా" అన్నాడు. అంటే ఏమిటి నాయనా అని అడిగాను. "మీ డాబా మీద నీళ్ళ ట్యాంకులో బంతి ఉంటుంది కదండీ, ఇదీ అంతే" అన్నాడు. నిజంగా అంతేనండీ. కార్బురేటరు అడుగున చిన్న గిన్నె ఉంటుంది. అందులో పెట్రోలు నిండే కొద్దీ ఫ్లోటు తేలి, ఒక సూదిని పైకి నెట్టి దారి మూస్తుంది. సూది మొన అరిగినా, దాని కింద ఇసుక రేణువంత నలక చేరినా, ఫ్లోటుకే చిల్లుపడి మునిగినా దారి మూసుకోదు. నిండిన ట్యాంకులా పొర్లిపోతుంది. పైనుంచి మరలు బిగిస్తే లోపలి పొర్లు ఎలా ఆగుతుంది చెప్పండి?

అందుకని ముందు ఎక్కడ కారుతోందో చూడాలి. ఇంజను చల్లారాక బండిని ఆరుబయట, స్టవ్వుకూ దీపానికీ దూరంగా పెట్టించండి. కార్బురేటరును పొడిగుడ్డతో తుడిచి, ట్యాపు విప్పి చూస్తే మొదట తడిసే చోటు తెలుస్తుంది. పొర్లుగొట్టంలోంచి వస్తే సూదో, ఫ్లోటో. గిన్నె అతుకు చుట్టూ చెమ్మగిల్లితే ప్యాకింగు. గిన్నె అడుగున కారేందుకు గొట్టం ఉన్న బండైతే, దానికి పారదర్శకమైన ప్లాస్టిక్ పైపు తొడిగి, పైకి ఎత్తిపట్టి, అడుగు మర కాస్త వదులు చేస్తే గిన్నెలోని మట్టం పైపులో కనిపిస్తుంది. ఇల్లు కట్టేటప్పుడు తాపీమేస్త్రి నీళ్ళపైపుతో మట్టం చూడడం మనం చూసినదే!

మా బండిలో సూది మొన చుట్టూ సన్నని గాడి పడింది. సూదీ, ప్యాకింగూ కొత్తవి వేశాడు. నేను ఆత్రంకొద్దీ, కిరసనాయిలు పంపు స్టవ్వును పొడిచినట్టు జెట్టును పిన్నుతో పొడవబోతే, "వద్దమ్మా, ఇత్తడి రంధ్రం పెద్దదైతే బండి పెట్రోలు తాగేస్తుంది" అని ఆపాడు. గాలి ఊది శుభ్రం చేయాలట. అన్నట్టు, పెట్రోలు పట్టడానికి వంటింటి గిన్నె అడిగితే ఇవ్వకండి. నేనిచ్చి ఒక సత్తుగిన్నె పోగొట్టుకున్నాను.

పాత బండ్లకు ఇప్పుడు ఇంకో చిక్కు ఉంది. పెట్రోలులో ఇథనాల్ కలుపుతున్నారు. దేశమంతటా సగటున 2022లో పదిశాతానికీ, 2025లో ఇరవై శాతానికీ చేరింది. దాన్ని తట్టుకునేలా చేయని పాత రబ్బరు వాషర్లూ, పైపులూ ఉబ్బుతాయి, పగులుతాయి. పైగా అది తేమను పీలుస్తుంది. వారాల తరబడి కదలని బండిలో పెట్రోలు నిలవ ఉంచకుండా, గిన్నెలోది వంచేయించడం మంచిది. 2020 ఏప్రిల్లో కొత్త కాలుష్య నియమాలు వచ్చాక కొత్త బండ్లలో కార్బురేటరు దాదాపు కనిపించడంలేదు కాబట్టి, దీన్ని విప్పడం బాగా తెలిసిన పెద్ద మెకానిక్‌కే ఇప్పించండి.

ఇక మన చేతిలో ఉన్నది ట్యాపు. బండి ఆపగానే కట్టేయాలి. కట్టకపోతే, సూది పట్టు తప్పిన రాత్రి ట్యాంకంతా కారిపోవచ్చు. కొన్ని బండ్లలో ఆ పెట్రోలు ఇంజనులోకి దిగి ఆయిలును పలచన చేస్తుంది కూడా. ట్యాపు కట్టినా చుక్క ఆగకపోతే దాని లోపలి వాషరు పోయిందన్నమాట.

మావారు ఇంటికి రాగానే "ట్యాపు?" అంటాను. "కట్టానే తల్లీ" అంటారు. అయినా దీపం పెట్టేముందు నేనొకసారి వంగి చూస్తాను. తులసికోటను కదపనివ్వలేదు, బండినే గేటు పక్కకు జరిపించాను.