చెట్టూ ఒక సంతానమే
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కవులు చెట్టును ఎలా చూశారో నాలుగు మాటలు చెప్పమని నన్ను అడిగారు. ఇది పేదపిల్లల చదువులకూ, రోగుల మందులకూ సాయం చేసే సంస్థ. ఇక్కడ పద్యానికేం పని, చెట్టుకేం పని అని ఎవరికైనా అనిపించవచ్చు. కానీ మన పెద్దలు చెట్టునూ, పద్యాన్నీ, దానాన్నీ ఒకే వరుసలో కూర్చోబెట్టారు.

పాత తెలుగు కావ్యాల్లో 'సప్త సంతానాలు' అనే మాట వినబడుతుంది. మనిషి పోయిన తర్వాత కూడా అతని పేరు నిలబెట్టేవి ఏడు అని లెక్క. కొడుకు, చెరువు, గుడి, నిధి, అగ్రహారం, వనం, కావ్యం. వనమంటే తోట. రాజులు కవుల చేత కావ్యాలు అంకితం తీసుకున్నది ఈ ఆశతోనే. తోట, కావ్యం రెండూ కన్నకొడుకు పక్కన కూర్చున్నాయి చూడండి. పద్యం రాసేవాడు తాను చూడని పాఠకుడి కోసం రాస్తాడు. మొక్క నాటేవాడు తాను చూడని బాటసారి కోసం నాటుతాడు. ఇద్దరిదీ ఒకే పని.

ఇస్లాంలోనూ దీనికి దగ్గర మాట ఉంది. మనిషి చనిపోతే అతని కర్మలన్నీ ఆగిపోతాయి, మూడు మాత్రం ఆగవు అని ముహమ్మద్ ప్రవక్త (స) బోధించారు. నిరంతరం సాగే దానం, పదిమందికి పనికొచ్చే విద్య, తనకోసం దుఆ చేసే మంచి సంతానం. ఆ మొదటిదాన్నే మనం సదఖా జారియా అంటాం. ఒకడు మొక్క నాటితే దాని ఫలాన్ని మనిషి తిన్నా, పక్షి తిన్నా, పశువు తిన్నా నాటినవాడికి దానం కిందే లెక్క అని మరో హదీసు చెబుతుంది. ప్రళయ ఘడియ వచ్చినా సరే, చేతిలో మొక్క ఉంటే నాటెయ్యమని ఇంకో హదీసు. ప్రళయం వచ్చాక ఆ చెట్టు కాయలు తినేదెవరు? ఎవరూ లేరు. అయినా నాటమన్నారు. ఫలం మన చేతిలో లేదు, నాటడం మన చేతిలో ఉంది అని దాని భావం.

మన కర్నూలు జిల్లాలో జొన్నగిరి దగ్గర ఎర్రగుడి ఉంది. అక్కడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. సుమారు 2,250 ఏళ్ళ కిందటివి. వాటిలో ఒకటి మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేయించానని, మందు మొక్కలు తెప్పించి నాటించానని, దారుల వెంట బావులు తవ్వించి చెట్లు పెట్టించానని చెబుతుంది. వైద్యం, బావి, చెట్టు. ఈ సంస్థ చేసే పనుల జాబితాలాగే లేదా? ఈ ఎండిన నేల మీద ఒక రాజు చెక్కించి మరీ చెప్పిన మాట అది.

ఇక కవుల దగ్గరికి వద్దాం. పోతనకూ మా కడప జిల్లా ఒంటిమిట్టకూ అనుబంధముందని మేము చెప్పుకుంటాం. ఆయన భాగవతం దశమ స్కంధంలో కృష్ణుడు తోటి గొల్లపిల్లలకు చెట్లను చూపించి మాట్లాడతాడు. ఇవి ఎవరికీ కీడు చేయవు, ఎండనూ చలినీ గాలినీ వాననూ అడ్డుకుంటాయి అంటాడు. ఆపైన అవి ఇచ్చేవాటిని ఏకరువు పెడతాడు. బెరడు, బంక, వేరు, పువ్వు, నీడ, పండు. ఆ వరుసలో బూడిద కూడా ఉంది! కాలిపోయిన తర్వాత కూడా చెట్టు ఇస్తూనే ఉంటుందని కవి చూపు. దానానికి ఇంతకన్నా పెద్ద కొలత నాకు తెలియదు.

భర్తృహరి సుభాషితాలను తెలుగు చేసిన ఏనుగు లక్ష్మణకవి పద్యం మీలో చాలామంది బడిలో చదివే ఉంటారు. కాయలు బరువెక్కితే చెట్టు వంగుతుంది, నీళ్ళు నిండితే మబ్బు కిందికి దిగుతుంది, సంపద వచ్చినప్పుడు మంచివాళ్ళు అలాగే అణగి ఉంటారని దాని భావం. దానం చేసే చేతికి అవసరమైన పాఠం ఇది. పుచ్చుకునేవాడు నిక్కి అందుకోవలసిన పని లేదు, కొమ్మే వంగాలి.

ఆధునిక కవుల్లో ఇస్మాయిల్ గారిని తలచుకోవాలి. కాకినాడలో తత్వశాస్త్రం బోధించిన అధ్యాపకుడు. 1972లో వచ్చిన ఆయన కవితాసంపుటి పేరు 'చెట్టు నా ఆదర్శం'. చెట్టు అందమైనదని ఎవరైనా రాస్తారు. చెట్టును ఆదర్శమనడం వేరు. అందమైనదాన్ని చూసి మెచ్చుకుంటే చాలు, ఆదర్శమంటే మాత్రం అలా బతకాలి.

మన సీమ కవి విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట' 1956లో వచ్చింది. అందులో ఎండిన పెన్న ఉంది, ఆ ఒడ్డున బతుకు ఈడ్చే పేదలున్నారు. ఆ కావ్యం చదివాక నాకు ఒక సంగతి బాగా అర్థమైంది. కోనసీమలో చెట్టు గురించి మాట్లాడటం వేరు, ఇక్కడ మాట్లాడటం వేరు. అక్కడ చెట్టు దానంతటదే పెరుగుతుంది. మనకు ఏడాదికి కురిసేది సుమారు 600, 700 మిల్లీమీటర్లు, అదీ నాలుగైదు నెలల్లోనే. కె.సి. కాలువ నీళ్ళు అందే ఊళ్ళ మాట వదిలేస్తే, మిగిలిన చోట్ల మొక్క బతకాలంటే మనిషి బిందె ఎత్తాల్సిందే.

అసలు చెప్పదలచుకున్నది ఇదే. నాటడం ఒక పూట పని, పెంచడం మూడు వేసవుల పని. కవులు పొగిడింది నీడనిచ్చే మానును. గుంతలో పెట్టి ఫోటో దిగిన మొక్కను ఏ కవీ పొగడలేదు.

1950లో కేంద్రమంత్రి కె.ఎం. మున్షీ వనమహోత్సవం మొదలుపెట్టారు. అప్పటినుంచి ఏటా జూలైలో మొక్కలు నాటుతూనే ఉన్నాం. అయితే చాలా ఊళ్ళలో పోయినేడు తీసిన గుంతే ఈ ఏడూ పనికొస్తోంది. మొక్క మాత్రం కొత్తది. ఏప్రిల్, మే నెలల్లో దానికి నీళ్ళు పోసే చెయ్యి లేకపోవడమే కారణం.

ఆ చెయ్యి ఎలా ఉంటుందో ఇద్దరు చూపించారు. పక్కనున్న కర్ణాటకలో సాలుమరద తిమ్మక్క, భర్తతో కలిసి రోడ్డు వెంట మర్రిమొక్కలు నాటి, నీళ్ళు మోసి వందలాది మాన్లను పెంచింది. పిల్లలు లేని ఆ దంపతులు ఆ చెట్లనే పిల్లలనుకున్నారు. సప్త సంతానాల మాట ఆమె చదివి ఉండకపోవచ్చు, దాన్ని బతికి చూపించింది. 2019లో పద్మశ్రీ ఇచ్చారు. ఖమ్మం జిల్లా దరిపల్లి రామయ్య గారు విత్తనాలు జేబుల్లో వేసుకుని తిరిగి, ఖాళీ నేల కనబడిన చోటల్లా నాటారు. 2017లో ఆయనకూ పద్మశ్రీ వచ్చింది. జనం ఇచ్చిన 'వనజీవి' అన్న మాట ఆయన ఇంటిపేరులా నిలిచింది.

వేమన వేపాకు చేదును సాధనకు ఉదాహరణగా తీసుకున్నాడు. సీమ కవి కదా, సీమ చెట్టునే పట్టుకున్నాడు. రోజూ ఒక బిందె పోయడమూ అలాంటి సాధనే.

కాబట్టి సంస్థ పెద్దలకు ఒక చిన్న మనవి. వెయ్యి మొక్కలు వద్దు, ఇరవై చాలు. వేప, కానుగ, చింత, నేరేడు లాంటివి ఈ నేలకు అలవాటైన మాన్లు. వాటినే పెడదాం. పాదు తీసి, చుట్టూ కంప నాటుదాం. మసీదులో వుజూ చేసిన నీళ్ళు మురికికాలువ పాలవుతున్నాయి. చిన్న కాలువ తీస్తే అవే నాలుగు మొక్కలను బతికిస్తాయి. బడిలో మధ్యాహ్న భోజనం తర్వాత పిల్లలు చేతులు కడిగిన నీళ్ళూ అంతే. ఖబరస్తాన్‌లో జనాజా వెంట వచ్చినవాళ్ళు మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడుతున్నారు. అక్కడ నాలుగు వేపమాన్లు లేస్తే, పోయినవారి పేరు మీద అంతకన్నా మంచి దానముంటుందా?

ఒక్కో మొక్కకు ఒక్కో విద్యార్థిని బాధ్యుణ్ణి చేద్దాం. ఎండాకాలం సెలవుల్లో వాళ్ళ ఊరికి పోతే, పక్కింటి పిల్లవాడికి బిందె అప్పగించి పోవాలి.

చివరగా ఒక్క మాట. వచ్చే ఏడాది ఈ సంచికలో ఎన్ని మొక్కలు నాటామో అచ్చు వేయవద్దు. ఎన్ని బతికాయో వేద్దాం. ఇరవైలో పన్నెండు బతికితే పన్నెండనే రాద్దాం. పోయిన ఎనిమిదింటి చోట మళ్ళీ పెడదాం.