పెట్టెలో మిగిలిన ఉత్తరాలు



మన ఇళ్లలో పాత ఉత్తరాలు నశించడానికి చెదలు, వాన ఎంత కారణమో మన భక్తి కూడా అంతే కారణం. ఉత్తరం పైభాగాన బిస్మిల్లా గానీ, దానికి బదులుగా 786 అంకె గానీ ఉంటుంది. అది కాళ్ల కింద పడరాదని, చెత్తలో కలవరాదని పెద్దల భయం. ఇంట్లో ఉర్దూ చదివేవారు కరువైన తరువాత ఆ కట్టను గుడ్డలో చుట్టి ఏటిలోనో, వాడుకలో లేని బావిలోనో వదులుతారు. ఆ గౌరవాన్ని మేము తప్పుపట్టము. వదులుతున్నది ఏమిటో తెలిసి వదులుతున్నామా అన్నదే మా ప్రశ్న.

కోస్తా ప్రాంతపు కుటుంబం ఒకటి ఇటీవల తమ రేకుపెట్టెను మా ముందు తెరిచింది. అందులో ఒక సుర్మాదాని, ఖర్జూర గింజల తస్బీహ్, మడతల వద్ద చిరిగిన నికాహ్‌నామా, రంగూన్ నుండి వచ్చిన కార్డులు ఇరవైకి పైగా ఉన్నాయి. కొన్నింటిపై ఏడవ ఎడ్వర్డు బొమ్మ, తరువాతి వాటిపై ఐదవ జార్జి బొమ్మ. 1937 వరకు బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగమే గనుక పావు అణా కార్డు సముద్రం దాటి ఊరు చేరేది. 1922లో ఆ వెల అర్ధ అణా అయింది.

ఆ యువకుడు బియ్యం మిల్లులో పనిచేసేవాడు. కార్డులన్నీ తండ్రి పేరిటనే ఉన్నాయి. భార్య పేరు ఎక్కడా లేదు. ఆమెకు చెప్పవలసిన మాట వస్తే 'పిల్లవాడి తల్లికి సలాము' అని మాత్రమే ఉంది. నాటి మర్యాద అది. పదిమంది చేతులు మారే కార్డుపై ఇంటి ఆడవారి పేరు రాసేవారు కాదు. మనియార్డరు అందిందా, వానకు గోడ నిలిచిందా, అమ్మ కంటికి మందు వేయిస్తున్నారా అని వరుసగా అడుగుతాడు. ఒక కార్డులో మాత్రం కూతురికి ఖురాన్‌తోపాటు తెలుగు అక్షరాలు కూడా నేర్పించమని కోరాడు. ముస్లింలు ఆడపిల్లల చదువు ఎరుగరని తేలికగా తీర్మానించేవారికి ఆ కార్డు చూపాలని మాకు అనిపించింది.

భార్య పేరు చివరకు నికాహ్‌నామాలో, మెహర్ మొత్తం పక్కన దొరికింది. మా పెద్దలలో ఒకరు దానిని చదివి వినిపించగా ఆ ఇంటి మునిమనవరాళ్లు ఆ పేరు మొదటిసారి విన్నారు. ఇద్దరు దానిని కాగితంపై తెలుగులో రాసుకున్నారు.

ఇటువంటి కాగితాలు పరాయివని భావించరాదు. దస్తావేజు, రసీదు, జమాబందీ, ఫసలీ: దస్త్రాల గదులలో ఉద్యోగకాలమంతా గడిపిన మాకు ఈ మాటలు తెలుగు మాటలే. తేదీ ఫసలీలో ఉంటే 590 కలపండి, క్రీస్తు శకం దాదాపుగా తెలుస్తుంది. హిజ్రీకి మాత్రం ఈ లెక్క చెల్లదు. చాంద్రమాన సంవత్సరం పది, పదకొండు రోజులు తక్కువ.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సులో పోరాడిన మన దేశపు సైనికుల ఉత్తరాలను సెన్సారు అధికారులు తెరిచి, కొన్ని భాగాలను ఆంగ్లంలోకి మార్చి నివేదికలు పంపారు. నిఘా కోసం తీసిన ఆ నకళ్లు నేటికీ లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి. ప్రేమతో దాచుకున్న అసలు ఉత్తరాలకు మన అటకలే దిక్కు!

కట్టలలో వక్ఫ్‌నామాలు కూడా కలిసి ఉండవచ్చు. సంతానం పేరిట చేసిన వక్ఫ్‌లకు 1913 చట్టం చెల్లుబాటు కల్పించింది. అడుగడుగునా కాగితం చూపమంటున్న ఈ రోజులలో అటువంటి పత్రం ఏటిపాలైతే తిరిగి తేగలవారు ఎవరు?

కాబట్టి మా కోరిక చిన్నది. చిరిగిన చోట పారదర్శకపు టేపు అంటించకండి, జిగురు కాగితాన్ని తినేస్తుంది. మడత విప్పేముందు ఫొటో తీయండి. వెనుక వైపు కూడా తీయండి, తపాలా ముద్ర అక్కడే ఉండవచ్చు. శికస్తా దస్తూరి చదవగల పెద్దలు మా ఊరిలో ముగ్గురే మిగిలారు. వారిలో ఒకరికి ఎనభై దాటాయి. జుమా నమాజు తరువాత వారు మసీదు పక్క గదిలో కూర్చుంటారు. పెట్టెలు తీసుకొని రండి. చదివించుకొని తెలుగులో రాసుకోవడానికి ఒక నోటుపుస్తకం కూడా వెంట తెచ్చుకోండి.