ఫిత్రా లెక్కలో ఒకరు తగ్గిన ఇల్లు

(వార్షిక సమావేశంలో, మహిళల సభలో చేసిన ప్రసంగ పాఠం)



రంజాన్ కిట్ల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. కిట్ల లెక్కలన్నీ నివేదికలో ఉన్నాయి, అందరూ చూస్తారు. కిట్టు ఇచ్చినా తీరని అవసరం ఒకటుంది. నేను దాని గురించి చెబుతాను.

పండగ ముందు ఫిత్రా వసూలుకి వచ్చే మన కుర్రాళ్లు రసీదు పుస్తకం తెరవగానే "ఇంట్లో ఎంతమంది?" అని అడుగుతారు. అడగాలి కూడా. ఫిత్రా తలకింత చొప్పున కదా. చంటిబిడ్డ తరఫున తండ్రి ఇవ్వాలి. పండగనాడు తెల్లవారకముందే లోకం విడిచినవారికి మాత్రం ఇవ్వనక్కర్లేదు. అంటే బిడ్డను పోగొట్టుకున్న ఇంట్లో ఆ ఏడాది జవాబు మారుతుంది. మా ఇంట్లో 2023లో మారింది. అంతకు ముందు నవంబరులో మా రెండోవాడు, తొమ్మిదేళ్లవాడు, డెంగ్యూ జ్వరంతో అల్లాహ్ దగ్గరకు వెళ్లిపోయాడు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. రసీదు రాసే అబ్బాయి అలవాటుగా అడిగాడు. మావారు "ఐదు..." అని ఆగి, "నలుగురం బాబూ" అన్నారు. ఆ కుర్రాడికి అప్పుడు గుర్తొచ్చినట్టుంది. చాలాసేపు తల ఎత్తలేదు.

ఆ ఏడాది ఈద్ ఏప్రిల్ 22న, శనివారం. ఆడవాళ్లకు పండగ ముందు పొయ్యి దగ్గరే మొదలవుతుందని మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆ పొయ్యి గురించి మా ఇంట్లో తలో మాటా అన్నారు. ఈ ఏడాది అసలు వెలిగించొద్దు అన్నారు కొందరు. మన ఇరుగుపొరుగు హిందువులు ఇంట్లో మనిషి పోతే ఏడాది తిరిగేవరకు పండగ చేసుకోరు. అది చూసో, మన పాత అలవాటు వల్లో, చావు తర్వాత వచ్చే మొదటి ఈద్‌ను మన ఇళ్లలో కూడా రెండోసారి ఏడుపుగా మార్చేస్తుంటాం. షరీఅత్‌లో సంతాపం మూడు రోజులు. భర్త పోయిన స్త్రీకి మాత్రం నాలుగు నెలల పది రోజులు. ఈద్‌ను ఎవరూ హరామ్ చేయలేదు. ఇంకొందరు, మిగిలిన పిల్లల మొహం చూసి అన్నీ వండమన్నారు. బిర్యానీ, ఖుర్మా, షీర్ ఖుర్మా, ఏదీ తక్కువ కాకూడదట. మూడోరకం వాళ్లు హజ్రత్ ఉమ్మె సులైమ్ (ర) కథ చెప్పారు.

ఆ కథ మీకు తెలుసు. భర్త అబూ తల్హా (ర) బయటికి వెళ్లినప్పుడు జబ్బుగా ఉన్న పిల్లవాడు చనిపోయాడు. ఆయన తిరిగొచ్చి ఎలా ఉన్నాడని అడిగితే, మునుపటికన్నా నెమ్మదిగా ఉన్నాడన్నట్టు చెప్పి, ముందు భోజనం పెట్టింది. తర్వాతే, ఎరువు తెచ్చుకున్న వస్తువును యజమాని అడిగితే ఇచ్చేయాలి కదా అంటూ విషయం చెప్పింది. ప్రవక్త (స) వారిద్దరి కోసం దుఆ చేశారు. గొప్ప సహనం అది. కానీ ఒక్కటి గమనించండి. ఆ రాత్రి అన్నం వడ్డించమని ఉమ్మె సులైమ్‌కు ఎవరూ చెప్పలేదు. అది ఆమె తనంతట తాను చేసిన పని. బిడ్డ పోయిన తల్లి చేతికి గరిటె ఇచ్చి "ఆమెను చూసి నేర్చుకో" అనడానికి మనం ఆ కథను వాడుకుంటున్నాం. నాకు అది సరైన పని అనిపించదు.

దైవప్రవక్త (స) స్వయంగా ఏం చేశారో చూడండి. హిజ్రీ 8లో, అంటే 629లో, ముఅతా యుద్ధంలో హజ్రత్ జాఫర్ (ర) షహీద్ అయ్యారు. ఆయన భార్య అస్మా బిన్తె ఉమైస్ (ర)కు ఇంకా తెలియదు. రొట్టెల పిండి కలిపి, పిల్లలకు స్నానం చేయించి, తయారుచేసి ఉంచింది. ప్రవక్త (స) వచ్చి ఆ పిల్లల్ని దగ్గరకు తీసుకుని కన్నీళ్లు పెట్టుకున్నారు. తర్వాత తన ఇంటివాళ్లతో, జాఫర్ ఇంటివారికి వంట చేసి పంపండి, వాళ్లు వండుకునే స్థితిలో లేరు అన్న భావంతో చెప్పారు. కలిపిన పిండి అక్కడే ఉంది. అయినా ఆ పూట పొయ్యి బాధ్యత పక్కింటికి మారింది. అక్కడ పోయింది భర్త, బిడ్డ కాదు, నిజమే. కానీ దుఃఖంలో ఉన్న ఇంటికి వండి పెట్టవలసింది ఎవరో తేలిపోయింది కదా. ఇక బిడ్డల సంగతంటారా, ప్రవక్త (స) తన పిల్లల్లో ఫాతిమా (ర) ఒక్కరిని తప్ప అందరినీ తన కళ్ల ముందే సాగనంపారు. పాలుతాగే వయసు ఇబ్రాహీమ్‌ను ఒడిలో పెట్టుకుని ఏడ్చారు. ఆశ్చర్యపోయిన సహచరుడికి అది కారుణ్యమని చెప్పారు.

హజ్రత్ ఆయిషా (ర) గారిది మరీ ఇల్లాలి తెలివి. ఎవరైనా పోతే, పరామర్శకు వచ్చిన ఆడవాళ్లంతా వెళ్లిపోయి ఇంటివాళ్లు మిగిలాక, తల్బీనా అనే బార్లీ జావ కాయించేవారు. దుఃఖాన్ని కొంత తగ్గిస్తుందని ప్రవక్త (స) చెప్పగా విన్నారామె. మన జిల్లాల్లో బార్లీ ఎందుకు, చోడి జావ కాచి పంపినా గొంతులోంచి దిగుతుంది.

ఇప్పుడు మన సంగతి. శ్రీకాకుళం జామియా మసీదును షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించి నాలుగు వందల ఏళ్లు కావస్తోంది. అయినా 2011 జనాభా లెక్కల ప్రకారం అప్పటి రెండు జిల్లాల్లో ముస్లింలు నూటికి ఒక్కరు కూడా లేరు. రాజాంలోనో, సాలూరులోనో, పలాసలోనో ఒక వీధికి ఒకటే ఇల్లు ఉండొచ్చు. "పక్కింటివాళ్లు వండి పంపండి" అంటే ఆ పక్కిల్లు ఎక్కడ? మా ఎదురింటి అమ్మ పండగనాడు పొద్దున్నే "ఏటి తల్లీ, పొయ్యి ముట్టించలేదేటి? పాలు తెచ్చినాను" అంటూ చెంబుతో వచ్చింది. ఆమె మేలు మరచిపోలేను. కానీ బిర్యానీ ఆమె తేలేదు కదా.

బిర్యానీ తెచ్చింది రెండు వీధుల అవతలి ఆపా. చాంద్ రాత్ ఇషా తర్వాత వచ్చి, ఓదార్పు మాటలేవీ లేకుండా, "రేపు నువ్వేం చేయగలవు? ఏం వద్దు?" అని అడిగింది. ఐదు నెలల్లో నన్నెవరూ ఆ ప్రశ్న అడగలేదు. షీర్ ఖుర్మా నేనే చేస్తాను, మాంసం మాత్రం నా వల్ల కాదు అన్నాను. సరేనని కూర్చుని, వాడి పేరు పెట్టి "వాడికి ఏం ఇష్టం?" అంటూ నానబెట్టిన బాదంపప్పు పొట్టు తీసింది. చిన్నపిల్లలు పోతే తల్లిదండ్రుల కోసం స్వర్గద్వారం దగ్గర ఎదురుచూస్తారని చాలామంది చెప్పారు. అది నా విశ్వాసం కూడా. కానీ గడప దాటకుండానే ఆ మాట చెప్పి వెళ్లిపోయినవాళ్లకంటే, బాదంపప్పు పొట్టు తీసిన ఆపా నాకు ఎక్కువ ఆసరా ఇచ్చింది.

మావాడికి ఖర్జూరం గిట్టదు. పాలు మరిగి, సేమియా, సారపప్పు, పలాస జీడిపప్పు పడ్డాక, ఖర్జూరం వేయకముందే వాడికొక గిన్నె తీసి పక్కన పెట్టేదాన్ని. ఆ పొద్దున కూడా చేయి దానంతట అదే తీసి పెట్టేసింది. చూసుకుని నిలబడిపోయాను. మా పెద్దమ్మాయి వచ్చి, "ఈసారి నాకూ ఖర్జూరం వద్దు అమ్మీ" అని ఆ గిన్నె తీసుకుని తినేసింది. దానికి ఖర్జూరమంటే ప్రాణం.

దాతలను నేను కోరేది పెద్ద ఖర్చు కాదు. కిట్టు అంటే వండుకోవలసిన సరుకు. ఏడాదిలోపు బిడ్డ పోయిన ఇంటికి ఆ పండగ పూట వండిన భోజనం వెళ్లాలి. అయితే ఆ ఇల్లు జకాత్‌కు అర్హమైనది కాకపోవచ్చు, మాది కాదు. అందుకని జకాత్, ఫిత్రా సొమ్ము ఇందులో కలపకూడదు. సదఖాగా, కానుకగా వేరే పద్దు పెట్టాలి. హజ్రత్ సఅద్ బిన్ ఉబాదా (ర) చనిపోయిన తల్లి పేరిట తోట దానం చేశారు. అలా తమ బిడ్డ పేరిట ఇచ్చే తల్లిదండ్రులు మనలోనే ఉన్నారు, మావారు ఈ ఏడాది వాటా ఇప్పటికే కోశాధికారిగారికి అందజేశారు. చాంద్ రాత్‌కు ఒక ఆడమనిషి ముందుగా వెళ్లి ఆ తల్లిని అడగాలి. ఆమె వండుతానంటే వండనివ్వాలి, వద్దంటే మనం తీసుకెళ్లాలి. ఫిత్రాకు వెళ్లే కుర్రాళ్లు నిరుటి పుస్తకం ఒకసారి చూసుకుని, ఆ ఇళ్లలో ఎంతమందని అడగకుండా, వాళ్లిచ్చింది తీసుకుని రసీదు రాయాలి. ఇచ్ఛాపురం నుంచి బొబ్బిలి దాకా ఈ ఏడాది నాకు తెలిసినవి ఆరు ఇళ్లు. ఆ కాగితం సభ అయ్యాక కార్యదర్శిగారికి ఇస్తాను. మీకు తెలిసినవి ఉంటే దాని మీదే రాయండి.