సీమంతం – ఇంటివారి ఏర్పాట్లు

తొలిచూలాలికి చేసే సీమంతం మన తెలుగు ఇళ్ళలో ఎంతో ముచ్చటైన పేరంటం. కొందరు దీనిని శ్రీమంతమని కూడా అంటారు. పుట్టింటివారు చలిమిడి, పండ్లు, పూలు, చీర తీసుకొని రావడం, ముత్తయిదువలు అమ్మాయికి గాజులు తొడిగి, పసుపు రాసి, మంగళహారతి ఇవ్వడం భీమవరం ప్రాంతంలోని మనందరం ఎరిగినదే. ఈ వేడుకను ఏ విధంగా నిర్వహిస్తే గర్భవతికి సుఖమూ, ఉభయపక్షాలవారికి తృప్తీ కలుగుతాయో నేడు కొంచెం ఆలోచిద్దాం.

సీమంతమనగా పాపట. సీమంతోన్నయనమనగా పాపట తీయడం. గర్భాధానం, పుంసవనం తరువాత వచ్చే సంస్కారమిది. భర్త స్వయంగా భార్యకు ఏదుముల్లుతో పాపట తీయవలెననీ, ఆ పనికి లేత మేడికాయల గుత్తినీ, దర్భలనూ కూడా వినియోగించవలెననీ గృహ్యసూత్రాలు విధించాయి. ఇందుకు ఆశ్వలాయనుడు నాలుగవ నెల చెప్పినాడు. యాజ్ఞవల్క్యుడు ఆరవ నెలను, ఎనిమిదవ నెలను అంగీకరించినాడు. ఆ సమయంలో వీణ వాయించేవారిచేత పాడించవలెననీ, ఆ దంపతులు ఏ నది చెంత నివసిస్తున్నారో ఆ నది పేరును పాటలో చేర్చవలెననీ కూడా ఒక నియమం ఉన్నది. ఆ లెక్కన మన సీమలో గోదావరి పేరు వినిపించవలె. ఈ తంతులో కీడు తొలగవలెననే ప్రార్థన ఎంత ఉన్నదో, గర్భవతి మనస్సును ఆహ్లాదపరచవలెననే తలంపు కూడా అంతే ఉన్నది. భర్త చేతి దువ్వెన, వీణానాదం, ఊరి నది పేరు – ఇంతకంటె మృదువైన వేడుక ఏమున్నది?

భవభూతి ఉత్తరరామచరితంలో, నిండుచూలాలైన సీతకు ఏ కోరిక కలిగినా వెంటనే తీర్చవలసినదని పెద్దలు అష్టావక్రునిచేత రామునికి కబురంపుతారు. మన ఏర్పాట్లకు కూడా ఇదే మొదటి మెట్టు కావలె. ఎంతమందిని పిలవవలెనో, ఏ వేళ బాగుండునో, ఏ చీర కట్టుకొంటే ఊపిరాడుతుందో ముందుగా అమ్మాయిని అడగండి. పిలుపులన్నీ అయిన తరువాత, “నీకిష్టమేనా అమ్మా?” అని అడిగితే ఆమె కాదనగలదా?

ఇక ముహూర్తం. అయిదవ నెల, ఏడవ నెల, తొమ్మిదవ నెల – ఎవరి ఆనవాయితీ వారిది. నెలలు నిండిన కొద్దీ ప్రయాణాలు, కూర్చోవడాలు కష్టమవుతాయి గనుక, ఆచారం అడ్డురానివారు ఏడవ నెలను ఎంచుకోవడం మేలు. పురోహితుని అడిగినట్లే డాక్టరును కూడా అడిగి రోజు నిశ్చయించుకోవలె. సంక్రాంతి దినాలలో భీమవరం వీధులు బంధువులతోనూ, కోడిపందేలకు వచ్చిన జనంతోనూ కిక్కిరిసి ఉంటాయి. ఆ వారం తప్పించడం మంచిది. వేసవిలో అయితే ఎండ ముదరకముందే వేడుక ముగియవలె. 2016 నుంచి ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ వైద్యశాలలలో గర్భవతులకు ఉచితంగా పరీక్షలు చేస్తున్నారు. పేరంటం పనుల పేరుతో ఆ పరీక్షను మానిపించరాదు.

వేడుకనాడు గుణుపూడి సోమేశ్వరుని దర్శించి రావలెనని కొందరికి ఉంటుంది. ఆ ఆలయంలో అన్నపూర్ణాదేవి పై అంతస్తులో ఉన్నది. నిండునెలల మనిషి మెట్లెక్కి ఆయాసపడనక్కరలేదు. క్రింద నిలిచి చేతులు జోడించినా ఆ తల్లి అందుకొంటుంది.

పీటమీద గంటలకొలది కూర్చోబెట్టడం నేటి చాలా ఇళ్ళలో జరుగుతున్న పొరపాటు. వెన్నుకు దిండు పెట్టిన కుర్చీ వేయండి. ఫొటోల కోసం ప్రతి బంధువు ప్రక్కన లేచి నిలబడమనవద్దు. అరగంటకొకసారి ఆమె లోపలికి వెళ్ళి కొంతసేపు నడుం వాల్చుకొనే వీలుండవలె. సాంబ్రాణి పొగ దట్టంగా వేయడం, చెవులదిరే పాటలు పెట్టడం కూడా తగదు. వీణ వినిపించమన్న పెద్దలు ఈ హోరును కోరలేదు.

గాజుల విషయంలో ఒక ముఖ్యమైన సంగతి ఉన్నది. నెలలు నిండేటప్పుడు చేతులు, కాళ్ళు కొంచెం ఉబ్బడం సాధారణమే గనుక, ఒక కొలత పెద్ద గాజులే తేవలె. అయితే చేతులూ, ముఖమూ హఠాత్తుగా వాచి, తలనొప్పి, చూపు మసకబారడం కూడా తోడైతే అది రక్తపుపోటు లక్షణం కావచ్చు. గాజులు తొడిగే పెద్దమ్మ చేతికే ఈ వాపు ముందుగా తెలుస్తుంది. “అమ్మాయి ఒళ్ళు చేసింది” అని మురిసి ఊరుకోక, ఆనాడే ఆస్పత్రికి తీసుకొని వెళ్ళవలె. రక్తస్రావమైనా, బిడ్డ కదలిక తగ్గినట్లు తోచినా పేరంటం ఆపి బయలుదేరవలసినదే.

విందు సంగతి చెప్పక తీరదు. కొత్త అల్లుడికి సంక్రాంతినాడు వందల వంటకాలు వడ్డించి పత్రికలకెక్కడం ఈ మధ్య మన పశ్చిమగోదావరిలో పరిపాటి అయింది. అల్లుని ముచ్చట అల్లునిది; గర్భవతి కడుపులో చోటు తక్కువ. పులిహోర, గారెలు, బొబ్బట్లు బంధువులకు పెట్టండి. ఆమెకు వేళకు, కొంచెం కొంచెంగా, వేడిగా పెట్టండి. అందరి భోజనాలూ అయ్యేవరకు ఆమెను ఆకలితో ఉంచడం మర్యాద కాదు. చలిమిడి విషయంలో పచ్చిపిండితో చేసినదానికంటె వేడి బెల్లపు పాకంలో పిండి పోసి కలిపిన పాకం చలిమిడి శ్రేయస్కరం. గర్భిణీదశలో చక్కెరవ్యాధి ఉన్నదని డాక్టరు చెప్పి ఉంటే, శాస్త్రానికి చిటికెడు నోటికి అందిస్తే చాలును.

ఒడిలో పోసే కానుకలను సూడిదలంటారు. వీటిని కొంచెం ఆలోచించి తేవచ్చును. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, మన దేశంలో గర్భవతులలో సగానికి పైగా, నూటికి 52 మంది, రక్తహీనతతో ఉన్నారు. గర్భవతి రక్తంలో హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గితే రక్తహీనత కిందనే లెక్క. అందువల్ల మిఠాయి పొట్లాలకు తోడు వేరుశనగ ఉండలు, ఖర్జూరాలు, జామపండ్లు, బత్తాయిలు ఇస్తే అవి ఆమెకు పనికివస్తాయి. 180 రోజులపాటు రోజుకొకటి వేసుకోవలసిన ఐరన్ మాత్రను అమ్మాయి మరువకుండా చూసే ఆడపడుచు, అందరికంటె గొప్ప సూడిద ఇచ్చినట్లే. 2018లో ఆరంభమైన పోషణ్ అభియాన్ కింద అంగన్‌వాడీ కేంద్రాలలో సామూహిక సీమంతాలు జరుగుతున్నాయి. అక్కడ పూలు, గాజులతోపాటు పౌష్టికాహారం గురించి చెబుతారు. పెద్ద ఖర్చు లేకనే వేడుక నిండుగా జరగవచ్చునని అవి నిరూపిస్తున్నాయి. వియ్యాలవారు ఎన్ని బిందెల లడ్డూలు తెచ్చారని లెక్కించే అత్తగారు, ఆ లెక్క కోడలి చెవిన పడుతుందని గుర్తుంచుకోవలె.

మరొక మాట. పేరంటానికి ఎవరిని పిలుస్తున్నాం, ఎవరిని వెనుక గదిలో ఉంచుతున్నాం? అమ్మాయిని పెంచిన నాయనమ్మ భర్తను పోగొట్టుకొన్నదని, పిన్నికి పిల్లలు కలుగలేదని వారిని దూరంగా ఉంచే ఇళ్ళు నేటికీ ఉన్నాయి. రాజమహేంద్రవరంలో వీరేశలింగంగారు తొలి వితంతు వివాహం జరిపించినది 1881 డిసెంబరు 11న. ఇన్ని సంవత్సరాల తరువాత కూడా ఆ నాయనమ్మ అక్షతలు పనికిరావనడం మనకు శోభ కాదు. ఆమె దీవెనకంటె బిడ్డకు మేలు కోరే దీవెన మరొకటి లేదు. అట్లాగే “పుత్రప్రాప్తిరస్తు” అనే దీవెనను “సుఖప్రసవమస్తు” అని మార్చుకొందాం. ఆడపిల్ల పుడితే తానేదో తప్పు చేసిన దాననయ్యానని ఆ తల్లి మనస్సులో బెదురు నాటవద్దు. గర్భంలోని బిడ్డ ఆడో మగో చెప్పడం 1994 నాటి చట్టం ప్రకారం నేరం కూడాను.

చివరగా, నా దృష్టిలో అన్నిటికంటె ముఖ్యమైనది. పురుటికి ముందు పుట్టింటివారూ, అత్తింటివారూ ఒకచోట తీరికగా కలిసే రోజు చాలా కుటుంబాలలో ఇదొక్కటే. వేడుక ముగిసి బంధువులు వెళ్ళిన తరువాత ఇరువైపుల పెద్దలూ, ఆ దంపతులూ ఒక్క గంటసేపు కూర్చోవలె. పురుడు ఏ ఆస్పత్రిలో? అర్ధరాత్రి నొప్పులు వస్తే ఏ బండిలో, ఎవరు తోడు వెళ్ళాలి? రక్తం కావలసివస్తే ఇచ్చేవారెవరు, ఖర్చుకు డబ్బు ఎవరివద్ద ఉంటుంది? ఈ మూడు ప్రశ్నలకు ఆనాడే జవాబులు తేలవలె. కాలువగట్ల వెంట ఉన్న మన పల్లెలలో వానాకాలపు రాత్రి బండి వెదకడం ఎంత కష్టమో మీకు తెలుసు. 2005 నుంచి మన రాష్ట్రంలో 108 అంబులెన్సు ఉన్నది. ఆ పిలుపు ఎవరు చేయవలెనో కూడా ముందే అనుకోవలె. ఎవరికి వారు “వాళ్ళు చూసుకొంటారులే” అనుకొన్న ఇళ్ళలోనే ఆలస్యం జరుగుతుంది. ఆలస్యమే ప్రాణం మీదికి తెస్తుంది.

పురుటికి అమ్మాయి పుట్టింటికి వెళ్ళేటప్పుడు ఆమె వెంట చీరలు, పసుపుకుంకుమలు, తినుబండారాలు పంపుతాం. వాటన్నిటికంటె ముందు, ఆమె పరీక్షలన్నీ వ్రాసిన తల్లీబిడ్డల కార్డు, మందుల చీటీలు, రక్తపు వర్గం వ్రాసిన కాగితం ఆ సంచిలో ఉండవలె. కొత్త ఊరి డాక్టరు మొదట అడిగేవి అవే.

మన ఇంటి ఆడపిల్ల నిండు మనస్సుతో, తగిన బలంతో, తనవారంతా సిద్ధంగా ఉన్నారన్న ధైర్యంతో పురుటిగదిలోకి వెళ్ళవలె. ఆ ధైర్యాన్ని ఇచ్చిన సీమంతమే సార్థకమైన సీమంతం. చూలాళ్ళందరికీ సుఖప్రసవం కలుగుగాక!