తప్పిన మెమో చింపేయకండి



పదో తరగతి తప్పి, మేస్త్రీ వెంట పనికి పోయి, మళ్లీ పుస్తకం ముట్టనివాళ్లు మన ప్రతి గూడెంలో ఉన్నారు. ఈ రెండు మాటలు వాళ్లకే.

కుమ్రం భీం అనగానే మనం 1940 జోడేఘాట్ పోరు చెప్పుకుంటాం. అంతకు ముందు సంగతి తక్కువ చెప్తాం. చిన్నప్పుడే తండ్రి పోయాడు. పంట తగాదాలో కేసు మీద పడితే ఊరు విడిచి, అస్సాం దాకా పోయి చాయ్ తోటల్లో కూలి చేశాడు. ఊరికి దూరమైన ఆ ఏళ్లలోనే చదవడం, రాయడం నేర్చుకున్నాడు. తిరిగొచ్చి పన్నెండు గూడేలను కూడగట్టాడు.

మీరు అంత దూరం పోనక్కర్లేదు. జాతీయ ఓపెన్ స్కూల్‌లో ఒకసారి చేరితే ఐదేళ్లు చెల్లుతుంది, తొమ్మిదిసార్లు పరీక్ష రాయొచ్చు. అన్ని సబ్జెక్టులూ ఒకేసారి రాయాలని లేదు. కూలి మానక్కర్లేదు. ఈ మధ్యే తప్పినవాళ్లు, బడిలో పాసైన రెండు సబ్జెక్టుల దాకా మార్కులు కలుపుకోవచ్చు. అందుకే ఆ మెమో కావాలి. సిగ్గుతో దాన్ని పొయ్యిలో వేసినవాళ్లు కూడా ఉన్నారు!

సభ అయ్యాక వెనక చెట్టు కింద కూర్చుంటా. మెమో ఉన్నవాళ్లు రండి, ఫారం నింపుదాం.