చేపల తొట్టి మట్టము
(రేడియో ప్రసంగ పాఠము)



గిద్దలూరు దగ్గరి ఒక గ్రామము నుండి ఒక సహోదరి వ్రాసిన ఉత్తరము నా ముందున్నది. పిల్లల ముచ్చట కొరకు మూడడుగుల చేపల తొట్టి కొని, వరండాలో ఇనుప స్టాండు మీద పెట్టారట. నీళ్లు ఒక ప్రక్కకు ఒరిగినట్లు కనబడితే, తగ్గిన మూలలో గాజు క్రింద అట్టముక్క మడిచి దూర్చారట. "అయ్యగారూ, ఇట్లు ఉండవచ్చునా? మా చిన్నవాడు దాని ప్రక్కనే ఆడుకుంటాడు" అని అడిగారు.

ఉండకూడదమ్మా. ఇది వాక్యములో చెప్పదగిన సంగతియా అని కొందరు నవ్వవచ్చు. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 8వ వచనము తీసి చూడండి. క్రొత్త ఇల్లు కట్టినవాడు మిద్దెకు పిట్టగోడ కట్టవలెనని అక్కడ ఆజ్ఞ ఉన్నది. ఎవరైనా పడి చనిపోతే ఆ దోషము ఇంటివాని మీదనే. పడినవాడు చూచుకొని నడవవలసినది అని అక్కడ లేదు. ఎండకాలము మిద్దె మీద పడుకొనే మన పశ్చిమ ప్రకాశము వారికి దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. ఇంటిలో మనము నిలబెట్టిన బరువుకు కూడా అదే లెక్క.

ఆ బరువు ఎంతో చూడండి. మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు తొట్టిలో నిండా పోస్తే సుమారు 127 లీటర్లు పడతాయి. లీటరు నీళ్లు కిలో. గాజు, గులకరాళ్లు కలిపితే 150 కిలోలు దాటుతుంది, అంటే మూడు సిమెంటు బస్తాలు. ఇదంతా స్టాండు నాలుగు కాళ్ల మీద నిలుస్తున్నది.

వరండా నేల వాలుగా ఉండుట తప్పు కాదు. కడిగిన నీళ్లు బయటికి పోవుటకు మేస్త్రీ కావాలనే వాలు ఇస్తాడు. కాని ఆ వాలును ఎక్కడ సరిచేయవలెను? స్టాండు కాలి క్రింద. గాజు క్రింద కాదు. గాజు వంగదు. ఒక మూల క్రింద అట్ట పెడితే ఆ చోటనే బరువు పట్టి, అడుగు గాజు మీదను, అంచులు అతికిన సిలికాన్ మీదను ఒత్తిడి పడుతుంది. అట్ట తడిసి నలిగితే ఆ మూల మరల దిగుతుంది. ఈ వేళ కారనంత మాత్రమున రేపు కారదని కాదు. కొంచెము వాలు కంటె మెలి ప్రమాదము. మూడు మూలలు ఆని, నాలుగవ మూల గాలిలో ఉంటే ఏ రాత్రియైనా గాజు పగులవచ్చు.

మార్కాపురము వారు అదృష్టవంతులు, కాళ్ల క్రింద పెట్టుటకు పలకరాయిని మించినది లేదు. పొరలు పొరలుగా చీలే రాయి కనుక కావలసిన మందము దొరుకుతుంది. చెక్కవలె ఉబ్బదు, అట్టవలె కుళ్లదు. కాలి కంటె వెడల్పైన ముక్క తీసుకొని, దాని క్రింద ఖాళీ లేకుండా పెట్టండి. నేల టైలు అయితే ముందు వ్రేలితో కొట్టి చూడండి. డొల్ల శబ్దము వస్తే ఆ చోటు వద్దు.

తొట్టి దించిన తరువాత ఖాళీ స్టాండును పొడవునను, అడ్డముగాను రసమట్టముతో చూడండి. రసమట్టము లేకపోతే, బేల్దారి మేస్త్రీ వాడే నీళ్ల గొట్టము చాలు. పైన మూల నుండి మూలకు రెండు దారములు బిగించి కట్టండి. నడుమ అవి ఒకదానినొకటి తాకీ తాకనట్లుంటే మెలి లేదు. ఒకటి రెండవదానిని నొక్కినా, వాటి మధ్య సందు ఉన్నా మెలి ఉన్నట్లే. అటు తరువాతనే చెక్క, దాని మీద థర్మోకోల్ షీటు, దాని మీద తొట్టి. థర్మోకోల్ ఇసుకరేణువులను, చిన్న మిట్టపల్లములను సర్దుకుంటుంది గాని వాలును సరిచేయలేదు. అడుగున ప్లాస్టిక్ ఫ్రేము ఉండి, గాజు పైకి తేలి ఉండే తొట్టికి మాత్రము థర్మోకోల్ పెట్టవద్దు.

ఇప్పటికే తొట్టి ఉన్నవారు ఒకటి గమనించండి. మన బోరు నీళ్ల ఉప్పు గాజు మీద తెల్లని గీతగా నిలుస్తుంది. ఆ గీత పై అంచుతో సమానముగా సాగక ఒక ప్రక్క దిగుతుంటే, మీ తొట్టి ఒరిగి ఉన్నదని ఎవరూ చెప్పనక్కరలేదు.

సహోదరీ, నీళ్లున్న తొట్టిని జరపవద్దు, ఎత్తవద్దు. మోటారు, లైటు ప్లగ్గులు తీయండి. పాత నీళ్లు కొన్ని బకెట్లో పట్టి చేపలను దానిలో ఉంచండి. తక్కిన నీళ్లు, రాళ్లు తీసివేసి ఇద్దరు పట్టి దించండి. అట్టముక్క తీసి పారవేయండి. కాళ్లు సరిచేసిన తరువాత రెండంగుళముల నీళ్లు పోసి, నాలుగు మూలలా స్కేలుతో కొలవండి. సరిపోతే సగము పోసి ఒక రాత్రి ఆగండి. ఉదయము మరల కొలచి, అంచులు తడవలేదని చేతితో తడిమి చూచిన తరువాతనే నింపండి. ఆ పని అయ్యేవరకు చిన్నవానిని వరండాలో ఆడనివ్వకండి.