శాస్త్రవేత్తల చరిత్రలో చేరవలసిన పేజీలు

(కల్లూరులో విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



శాస్త్రవేత్తల జీవితచరిత్రల కోశాన్ని మళ్ళీ సవరించడం దేనికి, మరణించినవారి జీవితం మారదు గదా అని కొందరు అడుగుతుంటారు. జీవితం మారదు. దాన్ని గురించి మనకు తెలిసినది మారుతుంది.

ఇబ్న్ అల్ నఫీస్ 1288లో కైరోలో మరణించారు. రక్తం గుండె కుడి భాగం నుంచి ఊపిరితిత్తుల మీదుగా ఎడమ భాగానికి చేరుతుందని ఆయన రాశారు. 1924లో ఒక ఈజిప్టు వైద్యుడు బెర్లిన్ గ్రంథాలయంలో ఆ రాతప్రతిని చదివేదాకా ఆ ఘనత 16వ శతాబ్దపు ఐరోపా వైద్యులకే దక్కుతూ వచ్చింది. అరబ్బీ చదవగలిగిన ఒక్క మనిషి వల్ల వైద్యచరిత్ర మారింది.

అమెరికాలో 1970-80 మధ్య 16 సంపుటాలుగా వెలువడిన శాస్త్రవేత్తల జీవితచరిత్ర నిఘంటువుకు దాదాపు మూడు దశాబ్దాల తర్వాత మరో 8 సంపుటాలు చేర్చారు. కొత్తవారిని చేర్చడంతో పాటు పాత వ్యాసాలు కొన్నింటిని పునఃపరిశీలించారు.

ఇక మన సంగతి. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం విజ్ఞానశాస్త్రాలను ఉర్దూలో బోధించింది. అక్కడ చదివిన హైదరాబాదీ రజీయుద్దీన్ సిద్దీఖీ కేంబ్రిడ్జికి, ఆపై లైప్‌జిగ్‌లో హైజెన్‌బర్గ్ వద్దకు వెళ్ళి, తిరిగివచ్చి ఉస్మానియాలోనే గణితం బోధించారు. 1950లో పాకిస్తాన్ వెళ్ళారు. వెళ్ళిపోయారు గనుక వదిలేద్దామంటే హైదరాబాదు గణితశాస్త్ర చరిత్రకే లోటు. హైదరాబాదు ప్రాంతీయ పరిశోధనాశాలను నడిపిన రసాయన శాస్త్రవేత్త సయ్యద్ హుస్సేన్ జహీర్ 1962లో దేశ వైజ్ఞానిక, పారిశ్రామిక పరిశోధన మండలికి అధిపతి అయ్యారు. యల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితం ఉన్న తెలుగు గ్రంథంలోనే వీరి జీవితాలూ ఉండాలి. వేరే జాబితా మనకు అక్కరలేదు.

అయితే అభిమానం ఆధారం కాదు. లేని ఘనతను ఒక్కటి అంటగట్టినా ఉన్న ఘనతను కూడా లోకం అనుమానిస్తుంది. పుట్టిన తేదీ మొదలు పరిశోధన ఫలితం దాకా ప్రతి మాటకూ రుజువు చూపాలి.

ఆ రుజువుల్లో ఎన్నో ఉర్దూలో ఉన్నాయి: పాఠ్యగ్రంథాలు, కళాశాల సంచికలు, ఇళ్ళలో ట్రంకు పెట్టెల్లో పడివున్న ఉత్తరాలు. తెలుగు మాత్రమే తెలిసిన సంకలనకర్త వాటిని చదవలేడు. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు నేర్చిన కర్నూలు, కల్లూరు పిల్లలు చదవగలరు. చెదలు పట్టకముందే ఆ పెట్టెలు తెరవండి. చదివినది తెలుగులో రాయండి. మనల్ని మరిచారని ఫిర్యాదు చేసే హక్కు మనకుంది. గుర్తుచేసే సామగ్రి అందించే బాధ్యత కూడా మనదే.